టీ రివ్యూలు రాసుకునే చోటు చేతులు మారుతోందా? ముందు మీ నోట్స్ సంగతి చూసుకోండి

మీరు టీ రివ్యూలు రాసే వెబ్‌సైట్ నుంచి "యాజమాన్యం మారుతోంది, మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్న ప్రకటన రాగానే మామూలుగా జరిగేది ఒకటే. కొంతమంది కోపంతో ఆ రాత్రికే అకౌంట్ తీసేస్తారు, మిగతావాళ్లు ఏమవుతుందిలే అని వదిలేస్తారు. రెండూ వద్దనే చెబుతాను. ఏళ్ల తరబడి టీ తాగుతూ, ఒక్కో ఆకు గురించి ఓపిగ్గా రాసుకున్నవాళ్లు ఈ సమయంలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి ఒక వరుస కూడా ఉంది, కోపం వచ్చినా రాకపోయినా ఆ వరుసలోనే చేసుకోండి.

టీ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, పుస్తకం మీద రాసిన రివ్యూ పోతే ఆ పుస్తకం మళ్లీ తీసి చదవొచ్చు, సినిమా అయినా అంతే. 2019 వసంతంలో కోసిన డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత) మాత్రం మళ్లీ రాదు. అదే తోట, అదే పొదలు, అదే ఫ్యాక్టరీ అయినా 2020 ఆకు వేరే ఆకు. చలి ఎప్పుడు తగ్గింది, వాన ఎప్పుడు పడింది, కోశాక ఎంతసేపు వాడబెట్టారు అన్నదాన్ని బట్టి రుచి మారిపోతుంది. చైనాలో లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ సంగతీ అంతే, ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్‌మింగ్ పండుగకి ముందు కోసిన ఆకుకీ తర్వాత కోసినదానికీ తేడా ఉంటుంది. అంటే ఆ సంవత్సరం ఆ ఆకు తాగిన పదిమంది రాసిన మాటలే ఇక దాని గుర్తులు. అవి పోతే మళ్లీ రాసుకుందామన్నా ఆకు ఉండదు.

మొదటి పని: కాపీ, అది కూడా ఇవాళే

సెట్టింగ్స్‌లో "డేటా డౌన్‌లోడ్" లేదా "ఎక్స్‌పోర్ట్" లాంటిది ఉంటే వెంటనే నొక్కండి. అమ్మకం పూర్తయ్యేదాకా ఆగకండి, ఎందుకంటే సర్వర్లు మార్చే రోజుల్లో ముందు మూలన పడేది ఇలాంటి ఎవరూ పెద్దగా వాడని బటన్లే. ఫైల్ వచ్చింది కదా అని ఊరుకోకుండా దాన్ని తెరిచి చూడండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, తీరా అవసరమైనప్పుడు చూస్తే అందులో సగం ఉండదు.

ముఖ్యంగా చూడాల్సింది టీ పేరు. కొన్ని చోట్ల ఎక్స్‌పోర్ట్ ఫైల్లో మీ రివ్యూ పక్కన టీ పేరుకు బదులు ఒక నంబర్ మాత్రమే ఉంటుంది. ఆ నంబర్ ఏ టీదో వాళ్ల డేటాబేస్‌కి తెలుసు, మీకు తెలియదు. "పూల వాసన బాగుంది, అదే ఆకుకి రెండోసారి పోసిన నీళ్లలో తీపి పెరిగింది" అన్న మాట 48213 అనే నంబర్ పక్కన ఉంటే దానితో ఏం చేస్తారు? సైట్ ఇంకా బతికుండగానే ఒక్కో టీ పేజీ తెరిచి పేరు, అమ్మినవాళ్లు, సంవత్సరం పక్క కాలమ్‌లో ఎక్కించుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ తర్వాత చేయడం కుదరని పని కూడా.

రెండోది ఫోటోలు. ఎక్కువగా ఫైల్లో ఫోటో ఉండదు, ఫోటోకి లింక్ ఉంటుంది, సైట్ పోతే లింకూ పోతుంది. నానిన ఆకు ఫోటోలు, కప్పులో రంగు, ప్యాకెట్ వెనక రాసి ఉన్న కోత తేదీ లాంటివి విడిగా దించుకోండి. ప్యాకెట్ ఫోటోలను తేలిగ్గా తీసుకోవద్దు, మీరు రివ్యూలో రాయడం మరిచిపోయిన సంవత్సరం చాలాసార్లు ఆ ఫోటోలోనే దొరుకుతుంది.

మూడోది అక్షరాలు. తెలుగులో గానీ చైనీస్, జపనీస్ పేర్లతో గానీ రాసుకుంటే, సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. గాభరా పడి అలాగే సేవ్ చేయకండి, సేవ్ చేస్తే నిజంగానే పాడైపోవచ్చు. మూసేసి, ఇంపోర్ట్ దారిలో వెళ్లి యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకుని తెరవండి, మామూలుగా సరిపోతుంది. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా ఒక చోట పక్కన పెట్టేసి, పని అంతా దాని నకలు మీద చేసుకోండి.

ఎక్స్‌పోర్ట్ బటనే లేదనుకోండి. అప్పుడు మీ ప్రొఫైల్ పేజీలను ఒక్కొక్కటిగా పీడీఎఫ్‌గా సేవ్ చేయడం ఒక దారి, వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి భద్రపరచమనడం ఇంకో దారి. రెండూ చేయండి. వేబ్యాక్‌లో లాగిన్ లేకుండా అందరికీ కనిపించే పేజీలే నిలబడతాయి, కాబట్టి మీకు మాత్రమే కనిపించే నోట్స్, డ్రాఫ్టులు, "ఇంట్లో ఉన్న టీలు", "కొనాల్సిన టీలు" లాంటి జాబితాలు మీరే చూసుకోవాలి. మీరు యూరోపియన్ యూనియన్‌లో ఉంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం మీకు తోడుంటుంది. 15వ అధికరణం కింద మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం కాపీ అడగొచ్చు, 20వ అధికరణం కింద మీరిచ్చిన సమాచారాన్ని కంప్యూటర్ చదవగలిగే రూపంలో తీసుకోవచ్చు, మామూలుగా నెల లోపు జవాబివ్వాలి. ఆ చట్టం వర్తించని చోట ఉన్నా మర్యాదగా ఒక మెయిల్ రాసి అడగండి. పాత ఓనర్లు వెళ్లిపోయే ముందు చాలావరకు ఒప్పుకుంటారు, ఎందుకంటే అక్కడి మనుషులు వాళ్లకి తెలిసినవాళ్లు.

ప్రైవేట్ మెసేజ్‌ల్లో ఇంటి చిరునామాలు

ఇది టీ మనుషులకి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. మనం శాంపిళ్లు మార్చుకుంటాం. "నా దగ్గర ఈ ఊలాంగ్ టీ ఎక్కువుంది, 10 గ్రాములు పంపుతాను, మీ అడ్రస్ ఇవ్వండి" అని మెసేజ్‌లు నడుస్తాయి. అంటే మీ ఇంటి చిరునామా, ఫోన్ నంబర్, మీకు పంపినవాళ్లవి, మీరు పంపినవాళ్లవి అన్నీ ఆ ప్రైవేట్ మెసేజ్‌ల్లో ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. ఆ డేటాబేస్ కొత్త చేతుల్లోకి వెళ్తే అవీ వెళ్తాయి.

సైట్ అమ్మేటప్పుడు సభ్యుల వివరాలను కూడా ఆస్తిగానే లెక్కేస్తారు. 2000లో టాయ్‌స్మార్ట్ అనే అమెరికా ఆన్‌లైన్ బొమ్మల దుకాణం మూతపడి, ఎవరికీ ఇవ్వమని మాటిచ్చిన కస్టమర్ల వివరాలనే అమ్మకానికి పెట్టింది. వినియోగదారుల హక్కులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడింది, చివరికి ఆ జాబితాను ధ్వంసం చేశారు. అక్కడ అడ్డుపడేవాళ్లు ఉన్నారు, అన్ని చోట్లా ఉంటారని నమ్ముకోలేం. కాబట్టి కావాల్సిన సంభాషణలు కాపీ చేసుకుని, చిరునామాలున్న మెసేజ్‌లు తీసేయండి. మీకు అడ్రస్ ఇచ్చినవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి, మీ వైపు తీసేసినా వాళ్ల వైపు ఉండిపోవచ్చు.

పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ వేరే చోట వాడుతుంటే అక్కడ కూడా. అకౌంట్‌కి ఇచ్చిన మెయిల్ ఇంకా మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఎప్పుడో చదువుకునే రోజుల్లో వాడిన మెయిల్ అయితే, కొత్తవాళ్లు అందరినీ మళ్లీ లాగిన్ అవమన్న రోజు మీరు బయట ఉండిపోతారు.

నిబంధనల్లో చూడాల్సిన నాలుగు మాటలు

మొత్తం చదవక్కర్లేదు. మీరు రాసిన మాటల మీద హక్కు మీకే ఉంటుందా, వాళ్లకిచ్చే అనుమతి "ప్రత్యేక హక్కు కానిది" (అంటే అదే అనుమతి మీరు ఇంకొకరికీ ఇవ్వొచ్చు) అని ఉందా, దాన్ని వాళ్లు ఇంకొకరికి బదిలీ చేయొచ్చా, మీరు రివ్యూ తీసేశాక కూడా ఆ అనుమతి నడుస్తుందా, ఈ నాలుగూ వెతకండి. సాధారణంగా హక్కు మీదే అని ఉంటుంది, అనుమతి ప్రత్యేకం కాదని కూడా ఉంటుంది. అలా ఉంటే మీ రివ్యూలను ఇంకెక్కడైనా పెట్టుకోవడానికి మీకు అడ్డులేదు. బదిలీ మాట కూడా ఎక్కువ చోట్ల ఉంటుంది, అందుకే "నన్నడక్కుండా ఎలా అమ్ముతారు" అన్న వాదన నిలబడదు, దాని మీద గొంతు నొప్పి తెచ్చుకోకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇదంతా మీ మాటలకే. పక్కవాళ్ల రివ్యూలు ఎంత బాగున్నా వాళ్లని అడగకుండా ఎత్తి మీ చోట పెట్టడం కుదరదు.

కొనేది ఎవరు?

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. టీ రివ్యూల చోటును కొనేవాళ్లు మామూలుగా మూడు రకాలు: టీ అమ్మే కంపెనీ, ప్రకటనల మీద బతికే మీడియా కంపెనీ, లేదా ఆ చోటును ఇష్టపడే ఒక సభ్యుడో కొందరు సభ్యులో. మూడో రకంతో సమస్య డబ్బు, ఓపిక. రెండో రకంతో సమస్య ప్రకటనలు, క్లిక్కులు. మొదటి రకంతో సమస్య వేరు, ఎందుకంటే అక్కడ పరీక్ష రాసేవాళ్లే పేపర్లు దిద్దుతారు.

బీర్ ప్రపంచంలో ఇది జరిగిపోయింది, టీ వాళ్లు తెలుసుకోవాల్సిన కథ. రేట్‌బీర్ అనే రివ్యూ సైట్ 2000లో మొదలైంది. ప్రపంచంలోనే అతి పెద్ద బీర్ కంపెనీ అయిన ఏబీ ఇన్‌బెవ్ తన అనుబంధ సంస్థ ద్వారా అందులో వాటా కొన్న సంగతి 2017లో బయటపడింది. అది తెలిసి డాగ్‌ఫిష్ హెడ్ అనే బ్రూవరీ తమ బీర్ల రివ్యూలు అక్కడి నుంచి తీసేయమని అడిగింది. 2019లో సైట్ పూర్తిగా ఆ కంపెనీ చేతికి వెళ్లింది, 2025 ఫిబ్రవరి 1న మూతపడింది. రేటింగ్‌లు మార్చారని నేను అనడం లేదు. ఓనర్ ఎవరో తెలిశాక అక్కడి ప్రతి నంబర్‌ని జనం అనుమానంగా చూడటం మొదలవుతుంది, ఆ అనుమానం ఒకసారి వచ్చాక పోదు, అదే అసలు నష్టం.

ప్రతి మార్పూ చెడ్డదని కూడా కాదు. కెమెరా రివ్యూలకి పేరున్న డీపీరివ్యూని మూసేస్తున్నామని 2023 మార్చిలో ప్రకటన వచ్చింది, అప్పటికి అది అమెజాన్ చేతిలో ఉంది. జూన్‌లో గేర్ పెట్రోల్ అనే సంస్థ తీసుకోవడంతో బతికింది. అంటే ఓనర్ మారకపోతే పోయేది, మారడం వల్లే నిలిచింది.

కాబట్టి కొత్తవాళ్లని సూటిగా అడగండి, పది మంది కలిసి ఒకే ఉత్తరంగా అడిగితే ఇంకా మంచిది. మీరు టీ అమ్ముతారా, అమ్మే కంపెనీల్లో వాటా ఉందా? మీ సొంత టీల పేజీల మీద ఆ సంగతి రాస్తారా? తక్కువ రేటింగ్ ఇచ్చిన రివ్యూలు ఎవరు, ఏ కారణంతో తీసేయొచ్చు? ఇప్పటి మోడరేటర్లు ఉంటారా, వాళ్ల మాట చెల్లుతుందా? ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంచుతారా? ఇప్పుడు అమ్మకంలో లేని టీల పేజీలు ఉంచుతారా? జవాబు ఎంత తీపిగా ఉందన్నది పక్కన పెట్టి ఎంత కచ్చితంగా ఉందో చూడండి. "సమాజం మాకు ముఖ్యం" అన్నది జవాబు కాదు. "అమ్మకం ఆగిన టీల పేజీలు తీసేయం, వాటి మీద 'ఇప్పుడు దొరకదు' అని రాస్తాం" అన్నది జవాబు.

ఆ చివరి ప్రశ్న మీద గట్టిగా నిలబడండి. అమ్మేవాళ్ల దృష్టిలో దొరకని టీ పేజీ వృథా, దాని మీద క్లిక్ చేస్తే డబ్బు రాదు. మనకి మాత్రం విలువైనది అదే. అలాగే "డూప్లికేట్లు కలిపేస్తున్నాం" అన్న మాట వినబడితే చెవులు రిక్కించండి. ఒకే తోట ఫస్ట్ ఫ్లష్ 2021, 2022, 2023 మూడు పేజీలుగా ఉంటే, చూసేవాళ్లకి అవి ఒకే పేరు మూడుసార్లు ఉన్నట్టు కనబడుతుంది, కలిపేస్తే పేజీ శుభ్రంగా ఉంటుంది. కానీ 2021 ఆకుకి వచ్చిన గొప్ప రేటింగ్ ఈ ఏడాది బస్తాలో ఉన్న సాదా ఆకుకి అంటుకుంటుంది. ఏ ఆకు గురించి ఏ మాటో ఇక ఎవరూ విడదీయలేరు. రివ్యూలు తీసేయడం కన్నా ఇది పెద్ద నష్టం, పైగా చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది.

దాచుకున్న నోట్స్‌ని పనికొచ్చేలా చేసుకోవడం

కాపీ చేతికొచ్చాక ఒక సాయంత్రం కూర్చుని పాతవి చదవండి. సైట్‌లో ఉన్నప్పుడు మీ రెండు వాక్యాల రివ్యూ పైన టీ పేరు, కంపెనీ, కోత కాలం, ఇతరులు ఇచ్చిన వివరాలు అన్నీ ఉండేవి, అందుకే ఆ రెండు వాక్యాలు సరిపోయాయి. ఇప్పుడు అవి ఒంటరిగా ఉన్నాయి. "చాలా బాగుంది. పూల వాసన, కొంచెం వగరు. 82." ఇది చదివితే రాసిన మీకే ఏమీ గుర్తు రాదు. ఎంత ఆకు? ఎన్ని నీళ్లు? వగరు ఎక్కడ, నాలుక మీదా చిగుళ్ల మీదా? 82 దేనితో పోలిస్తే?

ఇక నుంచి రాసే నోట్ సైట్ లేకుండా తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఒక ఉదాహరణ రాస్తాను:

"డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, కోత ఏప్రిల్ మొదటి వారం, ప్యాకెట్ విప్పి రెండు వారాలు. 3 గ్రాములు, 150 మి.లీ., 90 డిగ్రీలు, 3 నిమిషాలు, పింగాణీ కప్పు, ఫిల్టర్ నీళ్లు. పొడి ఆకులో ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసి ఉన్నాయి, వాసన ఎండు గడ్డిలా. కప్పులో లేత బంగారు రంగు. మొదటి గుటకలో పూల వాసన ముక్కు దాకా వచ్చి వెంటనే పోయింది, తర్వాత పచ్చి బాదం లాంటి రుచి. గోరువెచ్చగా అయ్యాక వగరు చిగుళ్ల మీద పట్టింది, చేదు లేదు. రెండో నీళ్లు 4 నిమిషాలు: వాసన సగమే, తీపి పెరిగింది. ఇంకోసారి చేస్తే 2 నిమిషాలకే తీస్తాను."

ఆ చివరి వాక్యం లేని నోట్‌ని నేను సగం నోట్ అనే అంటాను. రుచి ఎలా ఉందన్నది ఒక ఎత్తు, ఆకుతో ఏం చేస్తే బాగుంటుందన్నది ఇంకో ఎత్తు. చదివేవాళ్లకి పనికొచ్చేది రెండోదే.

అంకెలు రాయమని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకే ఊలాంగ్‌ని 100 మి.లీ. పట్టే, మూత ఉన్న చైనా కప్పు గైవాన్‌లో 6 గ్రాములు వేసి 15 సెకన్లకి తీసినవాళ్లూ, పెద్ద కప్పులో 2 గ్రాములు వేసి 4 నిమిషాలు వదిలినవాళ్లూ తాగింది ఒకే టీ అనుకోవడానికి లేదు. ఒకరు చిక్కగా ఉందంటే ఇంకొకరు నీళ్లలా ఉందంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వేడి కూడా అంతే. సెంచా లాంటి గ్రీన్ టీని 70, 80 డిగ్రీల నీళ్లలో చేస్తే కమ్మగా ఉంటుంది, మరిగే నీళ్లు పోస్తే ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలు ఎక్కువగా దిగి చేదు, వగరు పైకొస్తాయి. "చేదుగా ఉంది" అని రాసి వేడి రాయకపోతే తప్పు ఆకుదో నీళ్లదో ఎవరికీ తెలియదు. నీళ్ల సంగతి కూడా ఒక మాటలో రాయండి, సున్నపు శాతం ఎక్కువున్న నీళ్లలో రంగు మందగిస్తుంది, పైన పలచటి తెట్టు కడుతుంది, లేత సువాసనలు అణిగిపోతాయి.

టీలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే వృత్తిగా రుచి చూసేవాళ్ల పద్ధతి ఉంది. ఐఎస్ఓ 3103 అనే ప్రమాణం 1980లో వచ్చింది: 100 మి.లీ.కి 2 గ్రాముల ఆకు, మరిగిన నీళ్లు, 6 నిమిషాలు. అలా చేసిన టీ తాగడానికి హాయిగా ఉండదు, ఉండాలని కాదు కూడా, అన్ని టీలనీ ఒకే తీరుగా నిలబెట్టి లోపాలు బయటికి లాగడం దాని పని. మీకు ఇష్టమైన పద్ధతిలో ఒకటి, ఈ పద్ధతిలో ఒకటి రాసి పెట్టుకుంటే పదేళ్ల తర్వాత కూడా పోల్చుకోగలరు.

ప్యాకెట్ మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో గ్రేడు (ఓపీ, బీఓపీ లాంటిది) ఉంటే దాన్ని కాలమ్‌లో వేసుకోండి గానీ రుచికి మార్కులుగా తీసుకోకండి, ఆ అక్షరాలు ముఖ్యంగా ఆకు సైజు, మొగ్గల సంగతి చెబుతాయి. ప్యూర్ అనే చైనా టీ (బిళ్లలా నొక్కి ఏళ్లు నిల్వ చేసేది) తాగేవాళ్లకి ఇంకో మాట. యున్నాన్ నుంచి వచ్చే 357 గ్రాముల చక్రం ఒకటి కొని ఏళ్ల తరబడి కొంచెం కొంచెం విరిచి తాగుతారు కదా, పచ్చి ప్యూర్ (ముందే పులియబెట్టకుండా నొక్కినది) ప్రతి ఏడాదీ మారుతూ ఉంటుంది. అప్పుడు ఒక్క టీకి ఒక్క నోట్ అన్న లెక్క పనిచేయదు. ఒక్కో సిట్టింగ్‌కి ఒక్కో వరుస వేయండి, తేదీతో, దాచిన చోటు తేమతో సహా. సైట్ మీ పాత రివ్యూని కొత్తదానితో తుడిచేసే రకం అయితే మీకు చివరిది మాత్రమే మిగులుతుంది, అందుకే ప్యూర్ నోట్స్‌ని ఎప్పుడూ మీ దగ్గరే ముందు రాసుకుని తర్వాత బయట పెట్టండి.

నోట్స్‌ని సాదా టెక్స్ట్ లేదా స్ప్రెడ్‌షీట్‌లో ఉంచండి, ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ వేరే చోట. చక్కగా కనిపించే ప్రత్యేక యాప్‌లో పెడితే, ఆ యాప్ అమ్ముడుపోయిన రోజు మళ్లీ ఇదే పని.

ఉండాలా, వెళ్లాలా

తొందరపడి తేల్చుకోకండి. కాపీ చేతిలో ఉంది, అడ్రసులు తీసేశారు, ఇక మీకు టెన్షన్ లేదు. మూడు నెలలు చూడండి. ముందే అయిదారు టీలు ఎంచుకోండి: మీరు బాగా తక్కువ రేటింగ్ ఇచ్చినవి రెండు, ఇప్పుడు దొరకనివి రెండు, కొత్త ఓనర్ టీ అమ్మేవాళ్లయితే వాళ్ల టీ ఒకటి, వాళ్ల పోటీదారుది ఒకటి. చేతులు మారే ముందు ఆ పేజీల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సగటు రేటింగ్, ఎంతమంది రాశారు, పైన కనిపించే రివ్యూలు ఏవి అన్నవి పడేలా. మూడు నెలలయ్యాక అవే పేజీలు తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ మార్కుల రివ్యూలు ఇంకో పేజీలోకి జారాయా? "ఇక్కడ కొనండి" అన్న బటన్ ఎవరి దుకాణానికి వెళ్తోంది? డబ్బు తీసుకుని రాసినవాటి మీద ఆ మాట రాస్తున్నారా? మాటలన్నిటికన్నా ఈ స్క్రీన్‌షాట్లే నిజం చెబుతాయి.

వెళ్లాలని నిర్ణయించుకున్నా, మీ రివ్యూలన్నీ తుడిచేసి వెళ్లే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఏడేళ్ల కింద అమ్మకం ఆగిపోయిన టీ మీద మీరొక్కరే రాసి ఉంటే, మీరు తీసేసిన రోజు ఆ టీ గురించి లోకంలో ఇంకేమీ ఉండకపోవచ్చు. అది మీ హక్కు, కాదనను. నా మాట అడిగితే మాత్రం, కొత్త ఓనర్ దగ్గర తప్పు కనబడితే ఆ టీల నోట్స్‌ని ముందు మీ సొంత చోట అందరికీ కనిపించేలా పెట్టి, ఆ తర్వాతే అక్కడ తీసేయండి.

మీరు మోడరేటరో పాత ఓనరో అయితే మీ చేతిలో ఇంకో దారి కూడా ఉంది. సీడీల్లోని పాటల పేర్లను జనం టైపు చేసి నింపిన సీడీడీబీ అనే డేటాబేస్ 1990ల చివర్లో కంపెనీ చేతికి వెళ్లి, తర్వాత గ్రేస్‌నోట్ అయింది, వాడుకోవడానికి షరతులు వచ్చాయి. ఆ చేదు అనుభవంలోంచే మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఇంకో పాటల డేటాబేస్ పుట్టింది, దాని ప్రధాన డేటాని ఎవరైనా దించుకోవచ్చు. టీలకి కూడా అలా చేయొచ్చు. రివ్యూల మాటలు రాసినవాళ్లవి, కానీ టీ పేరు, తోట, కోత, సంవత్సరం లాంటి వివరాల జాబితాని ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అందరికీ తెరిచి పెడితే, తర్వాత ఎవరు కొన్నా ఆ జాబితా బయట ఉంటుంది. సభ్యులకి కనీసం రెండు మూడు నెలలు గడువు ఇవ్వండి, ఆ గడువులో ఎక్స్‌పోర్ట్ పనిచేసేలా చూడండి.

అకౌంట్ ఉండి ఏళ్లుగా రానివాళ్ల సంగతి మిగిలింది. కొందరికి వేరే పనులు పడ్డాయి, కొందరు ఈ లోకంలోనే లేరు. వాళ్ల నోట్స్‌లో కొన్ని మనందరి నోట్స్‌ కన్నా బాగుంటాయి. శాంపిళ్లు మార్చుకున్న పరిచయం ఉంటే వాళ్లకి బయట మెయిల్ చేసి చెప్పండి, కుటుంబం వాళ్లు తెలిస్తే వాళ్లకి చెప్పండి. ఎవరూ దొరక్కపోతే ఆ పేజీలను వేబ్యాక్ మెషీన్‌కి పంపండి, ఎక్కడ ఉన్నాయో చిరునామా మాత్రం రాసి పెట్టుకోండి.

మనుషుల్ని పోగొట్టుకోకూడదనుకుంటే మీకు నచ్చిన పది పదిహేను మందితో ఇప్పుడే మాట్లాడి ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీట్ తెరవండి. కాలమ్‌లు ఎక్కువ వద్దు: టీ, అమ్మినవాళ్లు, కోత, గ్రాములు, నీళ్లు, వేడి, సమయం, రుచి, ఇంకోసారి ఏం మారుస్తారు. నెలకొక టీ అందరూ తెప్పించుకోండి, లేదా ఒకరు కొని శాంపిళ్లుగా పంచండి. మొదటిసారి అందరూ ఒకే కొలతలతో చేయాలి, రెండోసారి ఎవరిష్టం వాళ్లది. పక్కవాళ్లు రాసింది చూశాక మన నాలుకకి కూడా అదే రుచి తగులుతుంది, కాబట్టి ముందు ఎవరి ఫైల్లో వాళ్లు రాసుకుని, అనుకున్న రోజున అందరూ ఒకేసారి షీట్‌లో పెట్టండి.